కోడింగ్ మొదలుపెట్టే పిల్లలకు బొమ్మలు గీసే టూల్ ఏది? ఎంచుకోవడం నుంచి మొదటి క్లాసు దాకా

"మా వాడికి కోడింగ్ మొదలుపెట్టాలి, ఏది ఇన్‌స్టాల్ చేయమంటారు?" బెంగళూరులో, అందులోనూ మారతహళ్లి వైపు, తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున పిల్లలకు క్లాసు చెబుతుంటాను కాబట్టి నన్ను మరీ ఎక్కువగా అడుగుతారు. అడిగినవాళ్లందరికీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరసగా రాస్తున్నాను. సొంత పిల్లలకు నేర్పే తల్లిదండ్రులకూ, కొత్తగా క్లాసు పెట్టేవాళ్లకూ ఇదే వరస పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఏ టూల్‌నైనా నేను తూచే తూకం ఒక్కటే: పిల్లలు తప్పు చేసినప్పుడు ఆ తప్పు తెర మీద వాళ్ల కంటికి కనబడుతుందా? గీత పక్కకు పోయిందనో, చతురస్రం మూసుకోలేదనో వాళ్లే చూసి వాళ్లే దిద్దుకోగలిగితే అది మంచి టూల్. ఎర్ర అక్షరాల్లో నాలుగు లైన్ల ఇంగ్లిష్ వచ్చి, ప్రతిసారీ "ఆంటీ, ఏదో అయింది" అని చెయ్యి ఎత్తాల్సి వస్తుంటే, దానికి ఎన్ని హంగులున్నా మొదటి నెలకు వద్దు.

1. టూల్ పేరు వెతకకముందు రాసుకోవాల్సినవి

చాలామంది ఇక్కడే తడబడతారు. యూట్యూబ్‌లో బాగుందని ఒక టూల్ పట్టుకుని, తర్వాత దానికి సరిపడే లాప్‌టాప్ కోసం కంప్యూటర్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డు చుట్టూ తిరుగుతారు. ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి.

☐ పిల్లల వయసు, టైపింగ్ వేగం. కీబోర్డు మీద బ్రాకెట్ ఎక్కడుందో వెతుక్కునే పిల్లలకు టైప్ చేసే భాష ఇంకా తొందర.
☐ యంత్రాలు: విండోసా, ఉబుంటూనా, టాబ్లెట్లా? ఎన్ని? ఇద్దరికి ఒకటైనా చాలు.
☐ ఇన్‌స్టాల్ చేసే అనుమతి. ఆఫీసు లాప్‌టాప్‌లలో చాలావాటికి అడ్మిన్ పాస్‌వర్డ్ మన దగ్గర ఉండదు. బెంగళూరులో ఇది చాలా ఇళ్ల సమస్య.
☐ నెట్: వైఫై ఉందా, ఫోన్ హాట్‌స్పాటా, కరెంటు పోతే ఏంటి?
☐ ఒక క్లాసుకు నికరంగా ఎన్ని నిమిషాలు? గంట అనుకుంటే 45 నిమిషాలే లెక్క.
☐ స్కూల్లో తర్వాత వచ్చే భాష. ఐసీఎస్ఈ పిల్లలకు తొమ్మిది, పది తరగతుల కంప్యూటర్ అప్లికేషన్స్‌లో జావా ఉంటుంది. సీబీఎస్ఈ పదకొండులో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్.

చివరి అంశానికి మరీ ఎక్కువ బరువు ఇవ్వకండి. ఆరో తరగతి పిల్లాడికి "పదకొండులో పనికొస్తుంది" అన్న కారణం ఏమీ అర్థం కాదు.

2. ఎవరికి ఏది

*ఎనిమిది నుంచి పదకొండేళ్లు: స్క్రాచ్.* బ్లాకులు లాగి అతికించడమే కాబట్టి అక్షరదోషం అన్న బాధే లేదు. విండోస్‌కు, మ్యాక్‌కు ఆఫ్‌లైన్ యాప్ ఉంది. నెట్ లేకున్నా నడుస్తుంది. అయిదారేళ్ల చిన్నారులకైతే టాబ్లెట్ మీద స్క్రాచ్ జూనియర్.

స్క్రాచ్ లాంటిదే స్నాప్. బ్రౌజర్‌లో నడుస్తుంది, భాషల మెనూలో తెలుగు, కన్నడ, తమిళం కూడా ఉన్నాయి. బెంగళూరులో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు, చదవాలంటే మాత్రం కూడబలుక్కోవాలి. వాళ్లకు బ్లాకులు ఇంగ్లిష్‌లో ఉంచడమే నయం. ఊరినుంచి కొత్తగా వచ్చి చేరిన, తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఉంటే స్నాప్‌ను తెలుగులో పెట్టి చూడండి. "ఇది నా భాషలో ఉంది" అనుకున్న పిల్లల ముఖం వేరుగా ఉంటుంది.

*పదకొండు దాటి, కాస్త టైపింగ్ వచ్చినవాళ్లు: పైథాన్ టర్టిల్.* ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పైథాన్‌తోపాటే వస్తుంది, విండోస్‌లో అయితే విడిగా దించుకోవాల్సింది లేదు. తెర మధ్యలో ఒక బాణం గుర్తు ఉంటుంది, అదే టర్టిల్, అంటే తాబేలు. ఫార్వర్డ్ 100 అంటే నూరు చుక్కలు ముందుకు నడుస్తూ గీత గీస్తుంది, లెఫ్ట్ 90 అంటే ఎడమకు తిరుగుతుంది. ఒక్కో ఆజ్ఞకు ఒక్కో కదలిక కంటి ముందే జరుగుతుంది కాబట్టి ఏ లైను దగ్గర దారి తప్పిందో ఇట్టే తెలిసిపోతుంది.

*బొమ్మ కదలాలి, మౌస్‌తో ఆడాలి అనేవాళ్లు: పీఫైవ్ జేఎస్.* జావాస్క్రిప్ట్ భాషలో బొమ్మలు గీసే లైబ్రరీ ఇది. బ్రౌజర్‌లోనే ఎడిటర్ (కోడ్ రాసే చోటు) ఉంది. ఇన్‌స్టాల్ అనుమతి లేని ఆఫీసు లాప్‌టాప్ ఉన్న ఇళ్లకు ఇదే దారి.

*గేమ్ చేయాలని పట్టుబట్టేవాళ్లు: పైగేమ్ జీరో.* పైథాన్‌లో గేములు చేసే పైగేమ్ మీద కట్టిన తేలిక రూపం ఇది. అసలు పైగేమ్‌తో మొదలుపెట్టకండి. ఖాళీ కిటికీ (విండో) ఒకటి తెరిచి, దాన్ని తెరిచి ఉంచడానికే పది లైన్ల దాకా రాయాలి. ఆ పది లైన్లలో లూపు (అదే పనిని మళ్లీ మళ్లీ చేయించేది), ఈవెంటు (మౌస్, కీ నొక్కడం లాంటిది), షరతు అన్నీ ఒకేసారి మీద పడతాయి. నా మొదటి బ్యాచ్‌కు నేను పైగేమ్‌తోనే మొదలుపెట్టాను. రెండు ఆదివారాలు ఇన్‌స్టాల్‌కే పోయాయి, మూడో వారానికి ముగ్గురు పిల్లలు రావడం మానేశారు. ఆ ముగ్గురి గురించి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

*సీ నేర్చుకుంటున్న డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలు.* ఇంకా కొన్ని ల్యాబుల్లో డాస్ కాలపు టర్బో సీ, బొమ్మలు గీసే దాని గ్రాఫిక్స్ హెడర్ నడుస్తున్నాయి. ఇవాళ్టి 64 బిట్ విండోస్‌లో అది నడవాలంటే పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్ కావాలి, గ్రాఫిక్స్ ఫైళ్లుండే బీజీఐ ఫోల్డర్ దారి సరిగ్గా ఇవ్వాలి, ఇంతా చేస్తే దక్కేది 640 బై 480 తెర, 16 రంగులు. పరీక్షకు తప్పనిసరైతే చేయండి. నేర్చుకోవడానికైతే రేలిబ్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ తీసుకోండి. విండోస్‌కు కంపైలర్‌తో సహా ఒకే ప్యాకేజీగా దొరుకుతుంది.

*జావా పిల్లలకు* గ్రీన్‌ఫుట్ ఉంది. క్లాసు, ఆబ్జెక్టు అన్న మాటలు బొమ్మలుగా కనబడతాయి.

3. ముగ్గు పరీక్ష: మీరే ముందు చేసి చూడండి

పై జాబితాలోంచి రెండు టూల్స్ తీసుకుని, వాచీ పక్కన పెట్టుకుని, ఈ నాలుగు పనులు మీరే చేయండి. నేర్పేవాళ్లు ఈ పరీక్ష చేయకుండా క్లాసులోకి వెళ్లకూడదని నా గట్టి నమ్మకం.

(అ) ఒక చతురస్రం. కిటికీ తెరిచిన దగ్గర్నుంచి అది గీసేదాకా ఎన్ని నిమిషాలు, ఎన్ని లైన్లు?

(ఆ) అయిదు చుక్కలు, అయిదు వరసలు. సంక్రాంతికి వాకిట్లో పెట్టే చుక్కల ముగ్గే. ఒక వరస గీయడానికి ఒక లూపు, ఆ వరసను అయిదుసార్లు చేయడానికి దాని మీద ఇంకో లూపు. లూపులో లూపు నేర్పడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు, ఎందుకంటే పిల్లలు దాన్ని అమ్మమ్మ చేతిలో ముందే చూశారు.

(ఇ) ఎడమ నుంచి కుడికి కదిలే ఒక బంతి.

(ఈ) ఇప్పుడు కావాలని చెడగొట్టండి. ఒక బ్రాకెట్ తీసేయండి. ఒక పేరులో అక్షరం మార్చండి. 90 బదులు 80 వేయండి. ప్రతిసారీ తెర మీద ఏం కనబడిందో రాసుకోండి.

నా కాగితంలో టర్టిల్‌కు (అ), (ఆ) సులువు, (ఇ) కాస్త బరువు. పీఫైవ్‌కు (ఇ) చక్కగా కుదురుతుంది, కానీ (ఈ)లో పేరు తప్పు రాస్తే తెర ఖాళీగా మిగిలిపోతుంది. కింద ఎర్రర్లు చూపించే కన్సోల్ చూసే అలవాటు లేకపోతే పిల్లలు అక్కడే ఆగిపోతారు. మీ అంకెలు వేరుగా రావచ్చు, మీ కాగితాన్నే నమ్మండి. మొత్తానికి (ఈ)లో గెలిచిన టూల్‌ను తీసుకోండి.

4. యంత్రాలు సిద్ధం చేయడం

ఈ పని క్లాసు రోజు పెట్టుకోవద్దు, కనీసం రెండు రోజుల ముందు.

టర్టిల్ కోసం థానీ అనే ఎడిటర్ వేయండి. పైథాన్ దానిలోనే కలిసి వస్తుంది, ఉచితం, పాత లాప్‌టాప్ మీద కూడా బరువు అనిపించదు. ఒక్కో అడుగూ నడిపి చూపించే బటన్ ఉంది, వేరియబుల్స్ విలువలు పక్కన కనబడతాయి. ఇన్‌స్టాలర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఎనిమిది మంది తల్లిదండ్రుల హాట్‌స్పాట్‌ల మీద ఆధారపడక్కర్లేదు.

ఉబుంటూలో టర్టిల్ నడిపితే టీకేఇంటర్ (కిటికీలు తెరిచే భాగం) లేదని ఎర్రర్ రావచ్చు. పైథాన్3-టీకే అనే ప్యాకేజీ ఒకటి వేస్తే సరిపోతుంది.

బ్రౌజర్‌లో పైథాన్ నడిపే గూగుల్ కోలాబ్‌లో టర్టిల్ నడవదు. ప్రోగ్రామ్ నడిచేది ఎక్కడో ఉన్న సర్వర్‌లో. కిటికీ తెరవడానికి అక్కడ తెర లేదు. ఇది తెలియక సాయంత్రమంతా కుస్తీ పట్టినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

స్క్రాచ్‌లో గీతలు గీసే పెన్ బ్లాకులు మామూలుగా కనబడవు. ఎడమవైపు అట్టడుగున ఉన్న ఎక్స్‌టెన్షన్ బటన్ నొక్కి పెన్ కలుపుకోవాలి.

పీఫైవ్‌కు ముందురోజే ఖాతాలు తెరిపించండి. ఖాతా లేకున్నా రాసి నడపొచ్చు, కానీ సేవ్ కాదు. గంటసేపు చేసింది పోతే పిల్లలు ఏడుస్తారు, నిజంగానే.

5. మొదటి క్లాసు వరస

1) పది నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోవద్దు. క్లబ్‌హౌస్ నేల మీద పలకలున్నాయి, అవే మా గళ్ల కాగితం. ఒకరు తాబేలు, ఒకరు ఆజ్ఞలిచ్చేవారు. "నాలుగు పలకలు ముందుకు. ఎడమకు తిరుగు." చతురస్రం తిరిగి మొదలైన చోటికే రావాలి.

2) ఆ ఆజ్ఞల్నే టైప్ చేయించండి. నాలుగుసార్లు ఫార్వర్డ్, నాలుగుసార్లు లెఫ్ట్. కాపీ పేస్ట్ వద్దు. ఎనిమిది లైన్లు చేత్తో కొట్టిన విసుగు వాళ్లకు కావాలి.

3) విసుగొచ్చాక లూపు చూపించండి. ముందు చూపిస్తే అది ఇంకో నియమం. విసుగు తర్వాత చూపిస్తే అది ఊరట.

4) ఒక్క అంకె మార్చి ఏమవుతుందో ముందే చెప్పమనండి, తర్వాత నడపమనండి. ముందు ఊహ, తర్వాత రన్. ఈ వరస తప్పించకండి.

5) చివరి పది నిమిషాలు వాళ్లిష్టం. రంగులు, మందమైన గీతలు, పేరులో మొదటి అక్షరం.

చుక్కల ముగ్గు రెండో క్లాసుకు. పెన్ ఎత్తి, గోటూతో ఒక్కో చోటికి వెళ్లి, డాట్‌తో చుక్క పెట్టాలి. పెన్ ఎత్తడం మరిచిపోతే చుక్కల మధ్య గీతలు పడతాయి. ఆ తప్పు చేయనివ్వండి, అది కూడా కంటికి కనబడే తప్పే.

6. 60 కాదు, 120: త్రిభుజం దగ్గర ఆగండి

చతురస్రం అయ్యాక త్రిభుజం అడగగానే దాదాపు ప్రతి క్లాసులోనూ ఒకటే జరుగుతుంది. మొన్న ఏడో తరగతి అమ్మాయి నమ్మకంగా లెఫ్ట్ 60 రాసింది. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణం 60 డిగ్రీలని బడిలో చదివింది కదా. రన్ చేస్తే వచ్చింది త్రిభుజం కాదు. మూడు అంచులుండి నాలుగోవైపు తెరుచుకున్న చేటలాంటి ఆకారం.

"ఆంటీ, కంప్యూటర్ తప్పు చేసింది. మా బుక్‌లో 60 అనే ఉంది."

"బుక్ తప్పు కాదు, కంప్యూటర్ తప్పు కాదమ్మా. రా, నడుద్దాం."

నేల మీద టేపుతో త్రిభుజం అంటించాను. ఒక అంచు వెంట నడిచి మూల దగ్గర ఆగమన్నాను. చెయ్యి ముందుకు చాచి, వెళ్తున్న దిక్కే చూపిస్తూ నిలబడమన్నాను. ఇప్పుడు తర్వాతి అంచు వైపు తిరగాలంటే చెయ్యి ఎంత తిరగాలి? తిరుగుతూ సగంలో ఆగి తనే అంది: "నైంటీ కంటే ఎక్కువ తిరిగాను!"

పుస్తకం చెప్పింది లోపలి కోణం, తాబేలు తిరిగేది బయటి కోణం. 180లోంచి 60 తీస్తే 120. మూడుసార్లు 120 అంటే 360, ఒక పూర్తి చుట్టు. అంతవరకు వచ్చాక పంచభుజికి ఎంత అని నేను అడగలేదు. తనే 360ని 5తో భాగించి 72 వేసింది. తర్వాత వారం నక్షత్రం కావాలని వచ్చింది. దానికి 144, ఎందుకంటే అయిదు మూలలు పూర్తయ్యేసరికి తాబేలు రెండు చుట్లు తిరుగుతుంది.

ఇక్కడ మీరు చేయకూడనిది ఒకటే, వెంటనే 120 అని చెప్పడం. పక్కన కూర్చున్న నాన్నలు ఎక్కువగా చేసే పని ఇది.

7. తరచూ వచ్చే చిక్కులు, వాటి మందులు

*ఫైలుకు టర్టిల్ అని పేరు పెట్టడం.* అందరూ చేసేదే. అప్పుడు పైథాన్ అసలు టర్టిల్‌ను వదిలేసి మీ ఫైలునే తెచ్చుకుని, ఫార్వర్డ్ అనేదే లేదంటుంది. ఫైలు పేరు ముగ్గు1 అనో, ఇల్లు1 అనో ఇంగ్లిష్ అక్షరాల్లో మార్చండి.

*బొమ్మ గీసి కిటికీ మూసుకుపోవడం.* చివరి లైనులో టర్టిల్ డన్ పెట్టండి.

*తాబేలు మరీ నెమ్మది.* స్పీడ్ సున్నా పెడితే అన్నిటికంటే వేగం. పెద్ద ముగ్గుకు, కదలికను చూపించే ట్రేసర్ సున్నా చేసి, చివర అప్‌డేట్ పిలిస్తే ఒక్కసారిగా కనబడుతుంది. మొదటి రెండు వారాలు మాత్రం నెమ్మదిగానే ఉంచండి, చూస్తేనే నేర్చుకుంటారు.

*స్క్రాచ్ నుంచి వచ్చినవాళ్లకు దిక్కులు తారుమారు.* స్క్రాచ్‌లో సున్నా అంటే పైకి, 90 అంటే కుడికి. టర్టిల్‌లో సున్నా అంటే కుడికి, 90 అంటే పైకి. ఒకటి గడియారం దిశ, ఇంకొకటి ఎదురు దిశ. టర్టిల్ మోడ్‌ను లోగోకు మారిస్తే స్క్రాచ్‌లాగే ఉంటుంది.

*వై (నిలువు కొలత) తలకిందులు.* స్క్రాచ్‌లో, టర్టిల్‌లో సున్నా, సున్నా తెర మధ్యలో. వై పెరిగితే పైకి. పీఫైవ్‌లో, పైగేమ్ జీరోలో అది ఎడమవైపు పై మూల. వై పెరిగితే కిందికి. గళ్ల కాగితం మీద రెండూ పక్కపక్కన గీయించి గోడకు అంటించండి.

*సర్కిల్ సైజు.* టర్టిల్‌లో సర్కిల్ 50 అంటే వ్యాసార్థం 50. పీఫైవ్‌లో సర్కిల్‌కిచ్చే మూడో అంకె వ్యాసం. పైగా టర్టిల్ ఉన్నచోటు వృత్తం కేంద్రం కాదు, అంచు.

*పీఫైవ్‌లో కోణం పిచ్చిగా తిరగడం.* అది డిగ్రీల్లో కాక రేడియన్లు అనే ఇంకో కొలతలో లెక్కపెడుతుంది. యాంగిల్ మోడ్‌ను డిగ్రీలకు మార్చండి.

*కదిలే బంతి వెనక తోక.* బ్యాక్‌గ్రౌండ్‌ను ఒక్కసారే నడిచే సెటప్‌లో పెట్టారు. డ్రా లోపల మొదటి లైనుగా పెట్టండి. డ్రా మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుందని చెప్పడానికి ఇదే మంచి సమయం.

*పైగేమ్ జీరోలో బొమ్మ దొరకడం లేదు.* బొమ్మ ఫైళ్లు ఇమేజెస్ అనే ఫోల్డర్‌లో ఉండాలి, పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

*వెర్షన్ గొడవ.* కొత్తగా విడుదలైన పైథాన్‌కు పైగేమ్ ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు. ఒక మెట్టు పాత పైథాన్ వేసుకుంటే గొడవ ఉండదు.

8. ఎప్పుడు మార్చాలి

నెలకో కొత్త టూల్ చూపించాలన్న ఆరాటం వద్దు. పిల్లలు ఈ మూడింటిలో రెండు తమంతట తాము చేస్తే అప్పుడు ముందుకు వెళ్లండి: సొంత ఫంక్షన్ (పేరు పెట్టిన ఆజ్ఞల గుంపు) రాసి రెండు చోట్ల వాడటం, పక్కవాళ్ల తప్పు వెతికిపెట్టడం, "ఇది ఇందులో కుదరడం లేదు" అని కారణంతో సహా చెప్పడం. మూడోది అన్నిటికంటే గట్టి గుర్తు. స్క్రాచ్ నుంచి టర్టిల్‌కు వెళ్లేటప్పుడు, పాత బొమ్మనే కొత్తదాంట్లో మళ్లీ గీయించండి. బొమ్మ తెలిసిందే కాబట్టి బుర్ర మొత్తం భాష మీదే ఉంటుంది.

9. శనివారం రాత్రి చూసుకోవాల్సినవి

☐ ప్రతి లాప్‌టాప్‌లో చతురస్రం ఒకసారి నడిపి చూశాను
☐ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్, రేపటి ఫైళ్లు ఉన్నాయి
☐ చార్జింగ్ నిండింది. కరెంటు పోయినా గంట నడుస్తాయి
☐ ఎడిటర్‌లో అక్షరాలు వెనక కూర్చున్నవాళ్లకు కనబడేంత పెద్దవి
☐ గళ్ల కాగితాలు, పెన్సిళ్లు తలా ఒకటి
☐ త్రిభుజానికి టేపు
☐ ముందే అయిపోగొట్టే పిల్లలకు ఇంకో ముగ్గు: ఏడు చుక్కలతో మొదలై, పైకీ కిందికీ వరసకొకటి తగ్గుతూ ఒక్క చుక్క దాకా